శని ఇంటి ఇల్లరికం

2025 మార్చి నాటి లెక్క ప్రకారం శనిగ్రహానికి 274 చందమామలు. వాటిలో 24 మాత్రమే 'రెగ్యులర్'. మిగతా 250 'ఇర్రెగ్యులర్'. ఈ మాట చదవగానే నాకు ఇంజనీరింగ్ కాలేజీ అటెండెన్స్ రిజిస్టర్ గుర్తొచ్చింది. పదోవంతు కూడా లేనివాళ్ళు పద్ధతిగా ఉన్నట్టు, మిగతావాళ్ళంతా దారితప్పినట్టు రాసుకున్న లెక్క అది. మెజారిటీకి ఇలాంటి పేరు పెట్టడం ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలీదు.

ఆ 250లో అన్నిటికంటే పెద్దది, అన్నిటికంటే ముందు దొరికింది ఫీబీ. ఈ వ్యాసం దాని గురించి. కొంచెం మా తాతయ్య గురించి కూడా. ఎందుకో ముందుకెళ్ళాక చెప్తాను.

నేను ఖగోళశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాదు. పదమూడేళ్ళుగా కోడ్ రాస్తున్నాను, శని ఆదివారాల్లో చదివిన పుస్తకాల గురించి రాస్తుంటాను. రాత్రిపూట రిలీజులున్నప్పుడు చేసే పని పెద్దగా ఉండదు, కానీ నిద్రపోకూడదు. ఒక జాబ్ అయ్యేదాకా కాచుకుని, అది అయ్యాక ఇంకోటి మొదలుపెట్టాలి. ఆ ఖాళీల్లో చూడ్డానికి నాసా వాళ్ళ జేపీఎల్ నడిపే హొరైజన్స్ అనే సర్వీసు ఒకటి దొరికింది. ఏ గ్రహం, ఏ చందమామ, ఏ రోజు, ఏ గంటకి ఎక్కడుంటుందో అడిగితే చెప్తుంది. ఎవరైనా అడగొచ్చు, డబ్బులక్కర్లేదు. అందులో శని నంబరు 699. ఫీబీ నంబరు 609. ఒక రాత్రి పది లైన్ల స్క్రిప్ట్ రాసి శని చందమామల దారులు గీయించాను. టైటాన్, రియా, డయోనీ అన్నీ గ్రహాన్ని కరుచుకుని ఉన్న సన్నటి వలయాలు. ఫీబీని కలపగానే బొమ్మ మొత్తం జూమ్ అవుట్ అయిపోయింది. మిగతావన్నీ నడుమ ఒక చుక్కలా కలిసిపోయాయి. బయట, ఎక్కడో దూరంగా, ఒంటరిగా ఒక పెద్ద గీత.

ఆ గీత సంగతేమిటో తెలుసుకోవాలనుకోవడంతో ఇదంతా మొదలైంది.

*

ఫీబీని ఎవరూ టెలిస్కోప్‌లో కన్నుపెట్టి కనిపెట్టలేదు. 1898 ఆగస్టులో, పెరూలోని అరెకీపా దగ్గర, హార్వర్డ్ వాళ్ళ బాయ్డెన్ స్టేషన్‌లో, డెలైల్ స్టూవర్ట్ అనే ఆయన శని ఉన్న వైపు ఆకాశాన్ని గాజు పలకల మీద ఫోటోలు తీశాడు. టెలిస్కోప్ 24 అంగుళాలది. దానికి డబ్బిచ్చిన క్యాథరిన్ బ్రూస్ పేరే దానికీ పెట్టారు. వేర్వేరు రాత్రుల్లో తీసిన ఆ పలకల్ని విలియం పికరింగ్ ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాడు. నక్షత్రాలు కదలవు కాబట్టి ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. కూర్చోకుండా పక్కకి జరిగిన చుక్క ఏదైనా ఉంటే అది నక్షత్రం కాదు. మేం ఆఫీసులో పాత కోడ్‌నీ కొత్త కోడ్‌నీ పక్కపక్కన పెట్టి 'డిఫ్' చూస్తాం, సరిగ్గా అదే పని. అలా 1899 మార్చిలో శనికి తొమ్మిదో చందమామ దొరికిందని ప్రకటించారు. ఫోటోల్లోంచి దొరికిన మొట్టమొదటి చందమామ అది.

ఫీబీ అంటే గ్రీకు పురాణాల్లో ఒక టైటాన్ స్త్రీ. ఆ పేరుకి 'వెలుగుతున్నది' అని అర్థం. పేరు పెట్టినప్పుడు ఎవరికీ తెలీని విషయం ఏమిటంటే, ఇది సౌరకుటుంబంలో బాగా నల్లటి వాటిలో ఒకటి. తన మీద పడే వెలుతురులో పదోవంతు కూడా వెనక్కి పంపదు. నల్లటి పిల్లకి స్వర్ణ అని పేరు పెట్టే ఊళ్ళు మనకేం కొత్త కాదు కదా.

పికరింగ్ 1905లో పదో చందమామ కూడా దొరికిందన్నాడు. దానికి థెమిస్ అని పేరు పెట్టాడు. దాన్ని తర్వాత ఇంకెవరూ చూడలేదు. అసలు అక్కడ అలాంటిదేమీ లేదు. ఫీబీ మాత్రం చూసినప్పుడల్లా ఉంది. కాకపోతే ఉండాల్సినట్టు లేదు.

ఎలా ఉండాలి? రెగ్యులర్ చందమామ అంటే గ్రహంతో పాటే, ఆ గ్రహం చుట్టూ తిరిగిన ధూళి పళ్ళెంలోంచే పుట్టింది. అంటే ఇంట్లో పుట్టిన పిల్ల. అందుకే గ్రహానికి దగ్గరగా ఉంటుంది, దాదాపు గుండ్రటి దారిలో, గ్రహం నడుం చుట్టూ, గ్రహం తిరిగే వైపే తిరుగుతుంది. చాలావరకు ఒకే ముఖాన్ని గ్రహం వైపు పెట్టుకుని ఉంటుంది, మన చందమామ మనకి ఒకే ముఖం చూపించినట్టు.

ఫీబీ దగ్గర వీటిలో ఏదీ లేదు. టైటాన్ శనికి దాదాపు 12 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉండి 16 రోజుల్లో ఒక చుట్టు తిరుగుతుంది. ఫీబీ ఉన్నది దాదాపు కోటీ ముప్ఫై లక్షల కిలోమీటర్ల దూరంలో. ఒక్క చుట్టుకి 550 రోజులు. దారి సాగదీసినట్టుంటుంది, పైగా వాలి ఉంటుంది. ఒకే ముఖం చూపించడం లాంటి మర్యాదలేం లేవు, తొమ్మిదింపావు గంటలకోసారి తన చుట్టూ తను తిరిగేస్తూ శనికి అన్ని వైపులా చూపిస్తుంది. అంటే దాని రోజు దానిదే. ఇక తిరిగే దిశ కూడా మిగతావాటికి ఎదురు. ఇది కాగితం మీద తేలడానికి దొరికాక ఇంకొన్నేళ్ళు పట్టింది.

ఇంట్లో పుట్టిన పిల్ల ఇలా ఉండదు. ఇది బయట్నించి వచ్చింది.

*

ఇక్కడ వాడే ఇంగ్లీషు మాటకి 'పట్టుబడింది' అని అర్థం. అదేదో వల వేసి పట్టినట్టు ఉంటుంది గానీ అసలు సంగతి అంత సులువుగా లేదు. ఒక గ్రహం పక్కనుంచి ఒక రాయి పోతోందనుకోండి. గ్రహం దాన్ని లాగుతుంది, రాయి వేగం పుంజుకుంటుంది, ఒంపు తిరుగుతుంది, దగ్గరికొస్తుంది. తర్వాత, వచ్చిన వేగంతోనే వెళ్ళిపోతుంది. లోపలికి జారుతూ ఎంత వేగం సంపాదించిందో బయటికి ఎక్కుతూ అంతా ఖర్చుపెట్టేస్తుంది, ఇటు అప్పు లేదు అటు మిగులూ లేదు. గ్రహం ఎంత పెద్దదైనా సరే, రెండే వస్తువులున్నంతసేపు రాయి ఉండిపోవడం కుదరదు. కొన్ని తోకచుక్కలు గురుగ్రహం దగ్గర కొన్నేళ్ళు చుట్టపుచూపుగా ఆగుతాయి, మళ్ళీ పోతాయి. 1994 జులైలో గురుడి మీద పడి చచ్చిపోయిన షూమేకర్-లెవీ 9 కూడా అంతకుముందు కొన్ని దశాబ్దాలు అలా ఆగినదే.

ఉండిపోవాలంటే ఆ రాయి ఏదో ఒకటి పోగొట్టుకోవాలి. ఎలా పోగొట్టుకుని ఉంటుందో చెప్పే ఊహలు మూడు నాలుగున్నాయి. శని పసిగ్రహంగా ఉన్నప్పుడు చుట్టూ ఉన్న వాయువుల మేఘంలోంచి దూరి రావడంతో ఒరుసుకుని వేగం తగ్గి ఉండొచ్చు. లేదా పెద్ద గ్రహాలు ఒకదానికొకటి దగ్గరగా జరిగిన రోజుల్లో, రెండో గ్రహం లాగుడు వల్ల లెక్క మారి ఉండొచ్చు. నన్ను ఎక్కువగా ఆపింది ఇంకొకటి. దీన్ని ముఖ్యంగా నెప్ట్యూన్ చందమామ ట్రైటన్ విషయంలో చెప్తారు. వచ్చింది ఒక రాయి కాదు, జంట. ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ వచ్చిన రెండు. గ్రహం దగ్గర ఆ జంట విడిపోతుంది. ఒకటి ఉండిపోతుంది. అది పోగొట్టుకున్నదంతా రెండోది తీసుకుని, వచ్చినప్పటికంటే ఎక్కువ వేగంతో వెళ్ళిపోతుంది.

ఇది చదివిన వారమే ఒక పెళ్ళిలో మా మావయ్య, "ఏరా, ఇల్లరికం పోతున్నావంటగా?" అన్నాడు.

నా భార్య చిప్ డిజైన్‌లో పనిచేస్తుంది. నెదర్లాండ్స్‌లో ఐండ్‌హోవెన్ అనే ఊళ్ళో తనకి ఉద్యోగం వచ్చింది. వీసా తనది. నాది, తన మీద ఆధారపడినవాడి కాగితం. ఈ విషయం మా చుట్టాల్లో ఎవరికి ఎలా అర్థమైందో మావయ్య మాటలో ఉంది. నేను నవ్వేసి ఊరుకున్నాను. అమ్మ ఊరుకోలేదు. "పోతే ఏంట్రా? మనిద్దరం ఎక్కడ పుట్టామేంటి?" అంది. మావయ్య ప్లేటులో ఉన్న గారె వైపు చూసుకున్నాడు.

*

మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ళ నాన్న, ఇల్లరికం వచ్చినాయన. పల్నాడు మెరకలోంచి కృష్ణా డెల్టాలోని ఒక ఊరికి వచ్చాడు. ముత్తాతకి ఒక్కతే కూతురు, ఆరెకరాల మాగాణి. తాతయ్యకి ఒక అన్న, నాలుగెకరాల మెట్ట, ఎప్పుడొస్తుందో తెలీని వాన. సంబంధం కుదిర్చినాయన ఒక షరతు పెట్టాడట, అబ్బాయి ఇక్కడికొచ్చేస్తాడు కాబట్టి అక్కడి వాటా అన్నగారికే వదిలెయ్యాలని. తాతయ్య వదిలేశాడు. ఆ రెండెకరాలూ కలిసొచ్చిన అన్నగారు తర్వాత నాగార్జునసాగర్ కాలవ రావడంతో బాగా ఎదిగారు. తాతయ్య సంతకం పెట్టినరోజున ఆ కాలవ గురించి ఎవరికీ తెలీదు. ఆ పొలాన్ని చూడ్డానికి ఆయన ఎన్నిసార్లు వెళ్ళాడో నాకు తెలీదు. అమ్మకి మాత్రం ఒక్కసారే గుర్తు.

డెల్టా ఊళ్ళో ఆయన యాభై మూడేళ్ళు ఉన్నాడు. ఆ ఊళ్ళో ఆయన్ని ఎవరూ పేరుపెట్టి పిలిచిన గుర్తు నాకు లేదు. 'అల్లుడుగారు'. పాలేరుకి ఆయన అల్లుడుగారే, కరణంగారికీ అల్లుడుగారే. ఆయన కళ్ళముందు పుట్టి పెరిగి సర్పంచయిన కుర్రాడు కూడా "అల్లుడుగారూ, నమస్కారం" అనేవాడు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషిని. అందులో ఎగతాళి ఏమీ లేదు, ఎంతో మర్యాదగా అనేవాళ్ళు. ఊరంతటికీ ఆ ఇంటిపేరు ఉన్న ఇల్లు ఒక్కటే. ఓటర్ల జాబితాలో వేలు పెట్టి వెతకాల్సిన పనుండేది కాదని మావయ్య చెప్తుంటాడు.

అమ్మమ్మ చెప్పిన ఒక మాట నాకు ఫీబీ గురించి చదువుతున్నప్పుడే మళ్ళీ తట్టింది. ముత్తాత ఏది చెప్పినా తాతయ్య ముందు 'కాదు' అనేవాడట. ఊడ్పులు ఈ వారం అంటే వచ్చే వారం అనేవాడు. ఎడ్లు కొందామంటే గేదెలు అనేవాడు. చాలా గొడవలయ్యేవి. "మీ నాన్నకి ఎదురు చెప్పొద్దు అని నువ్వు అనలేదా?" అని అడిగితే అమ్మమ్మ, "ఆయన ఊ కొట్టుకుంటూ కూచుని ఉంటే ఏడాది తిరక్కుండా వెళ్ళిపోయేవాడురా" అంది.

ఇప్పుడు శని దగ్గరికి రండి. దూరంగా ఉండే చందమామకి శని లాగుడు ఒక్కటే కాదు, సూర్యుడి లాగుడు కూడా ఉంటుంది. దూరం పెరిగేకొద్దీ సూర్యుడిదే పైచేయి అవుతుంది, చివరికి చందమామని ఊడబెరుకుతుంది. కానీ ఎంత దూరంలో ఊడిపోతుందన్నది అది తిరిగే దిశని బట్టి ఉంటుంది. బస్సు మలుపు తిరిగేటప్పుడు మనం ఒక పక్కకి ఒరుగుతాం కదా. శని తనే సూర్యుడి చుట్టూ మలుపు తిరుగుతోంది కాబట్టి, శనితో పాటు కూర్చుని లెక్కవేస్తే, దాని చందమామలకీ అలాంటి ఒరుగుడు ఒకటి కనిపిస్తుంది. శని తిరిగే వైపే తిరిగేదాన్ని అది బయటికి నెడుతుంది. ఎదురు తిరిగేదాన్ని లోపలికి నెడుతుంది. దగ్గర్లో ఉన్నవాటికి ఇది పట్టించుకోవాల్సిన సంగతి కాదు. దూరంగా ఉన్నవాటికి ఇది చావుబతుకుల లెక్క. అందుకే, ఇంటివాళ్ళు తిరిగే వైపే తిరిగే చందమామలు నిలబడలేనంత దూరంలో కూడా ఎదురు తిరిగేవి నిలబడతాయి. శని ఇర్రెగ్యులర్ చందమామల్లో ఎక్కువ భాగం ఎదురు తిరిగేవే.

అమ్మమ్మ ఏడో తరగతి చదివింది. ఈ లెక్క ఆమెకి ఎవరూ చెప్పలేదు.

ఎదురు అన్నాను గానీ అది కూడా ఎక్కడ నిలబడి చూస్తున్నామన్నదాన్ని బట్టే. సౌరకుటుంబాన్ని ఉత్తరం వైపునుంచి, పైనుంచి, చూస్తే గ్రహాలన్నీ సూర్యుడి చుట్టూ మన స్కూలు పుస్తకాల్లో 'అపసవ్య దిశ' అని రాసే వైపు తిరుగుతాయి, అంటే గడియారానికి వ్యతిరేకంగా. శని అలాగే, టైటాన్ అలాగే. ఫీబీ మాత్రం గడియారం ముల్లు తిరిగే వైపు తిరుగుతుంది. గుళ్ళో దేవుణ్ణి కుడిచేతివైపు ఉంచుకుని మనం ప్రదక్షిణ చేసేది కూడా, గోపురం మీంచి చూస్తే, సరిగ్గా ఆ వైపే. నవగ్రహాల మండపంలో శనివారం పూట జనం శని చుట్టూ తిరిగే దిశలో నిజంగా శని చుట్టూ తిరుగుతున్నది ఇంట్లో పుట్టిన పెద్ద చందమామలేవీ కావు, బయట్నించొచ్చిన ఈ నల్లది. అదే దక్షిణం వైపునుంచి చూశారా, మొత్తం తిరగబడుతుంది. మన మీద ఏలినాటి శని ఏడున్నరేళ్ళే ఉంటుందంటారు. ఫీబీకి అది ఎప్పట్నించో ఉంది, దిగే సూచనలేం లేవు.

*

ఫీబీ ముఖాన్ని దగ్గర్నించి చూసింది ఒక్కసారే. 1981లో వాయేజర్ 2 చూసింది గానీ 20 లక్షల కిలోమీటర్లకి పైగా దూరంనుంచి, మసక మసకగా. 1997లో బయల్దేరిన కసీని నౌక శని చుట్టూ కక్ష్యలోకి దిగింది 2004 జులై 1న. ఒకసారి దిగాక మళ్ళీ అంత దూరం బయటికి రావడం కుదరదు. అందుకని దారిలోనే, గుమ్మం బయటే, ఫీబీని చూసి వెళ్ళేలా చేరే తేదీని ఎంచుకున్నారు. 2004 జూన్ 11న, 2,068 కిలోమీటర్ల దూరంనుంచి కసీని దాన్ని దాటింది. తర్వాత పదమూడేళ్ళు శని దగ్గరే తిరిగి, 2017 సెప్టెంబర్ 15న శనిలోకి దూకి కాలిపోయింది. అంత దగ్గరికి మళ్ళీ వెళ్ళలేదు.

ఆ ఫోటోలు అందరికీ అందుబాటులో ఉన్నాయి. చూస్తే ముందు గుంటలే కనబడతాయి. ఫీబీ అడ్డం 213 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళేంత దూరం కూడా లేదు. అందులో జేసన్ అనే గుంట ఒక్కటే దాదాపు వంద కిలోమీటర్లుంటుంది. గుంటల గోడలు జారిన చోట, నల్లటి పైపొర కింద, తెల్లటి మంచు చారలు. లోపల మంచు, పైన మసి.

దాని బరువు కూడా ఆ ఒక్క ప్రయాణంలోనే తెలిసింది. నౌక దారిని ఫీబీ ఎంత వంచిందో కొలిచి లెక్కగట్టారు. ఒక ఘనసెంటీమీటరుకి 1.6 గ్రాములు. శని ఇంట్లో పుట్టిన మధ్యరకం మంచు చందమామలు సగటున దీనికంటే తేలిక. ఫీబీలో రాయి పాలు ఎక్కువ, ప్లూటో, ట్రైటన్ల వైపు మొగ్గే బరువు. అందుకని ఇది ప్లూటో ఉండే కైపర్ బెల్టు నుంచి వచ్చిందని చాలామంది అంటారు. ఆస్టరాయిడ్ల జాతిది అనేవాళ్ళూ ఉన్నారు. ఎక్కడిదన్నది తేలకపోయినా, ఇక్కడిది కాదన్నది మాత్రం తూకంలో తేలింది.

*

నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇక్కడినుంచి. దీనికి 1671కి వెళ్ళాలి.

ఆ ఏడు పారిస్‌లో జొవాన్ని కసీని, నౌకకి పేరిచ్చిన ఆయనే, శనికి కొత్త చందమామని కనిపెట్టాడు. తర్వాత దానికి ఇయాపిటస్ అని పేరొచ్చింది. దానితో ఒక చిక్కు. శనికి పడమర వైపు ఉన్నప్పుడు చక్కగా కనిపించేది, తూర్పు వైపు వెళ్ళగానే మాయమయ్యేది. దానికి ఒక వైపు తెలుపు, ఇంకో వైపు నలుపు అయ్యుండాలని కసీని ఊహించాడు. 1705లో ఇంకా మంచి టెలిస్కోప్‌తో తూర్పు వైపు కూడా చూడగలిగాడు, బాగా మసగ్గా. ఊహ నిజం. ఇయాపిటస్ ముందుకి నడిచే వైపు ముఖం నలుపు, వీపు తెలుపు. ఎందుకన్నది మూడు వందల ఏళ్ళు ఎవరికీ తేలలేదు.

1970లలో స్టీవెన్ సోటర్ ఒక మాటన్నాడు, ఆ మసి ఫీబీ నుంచి వస్తుండొచ్చని. 2009లో దానికి పెద్ద ఆధారం దొరికింది. స్పిట్జర్ అనే ఇన్‌ఫ్రారెడ్ టెలిస్కోప్‌తో ఆన్ వెర్బిసర్, మైకేల్ స్క్రట్‌స్కీ, డగ్లస్ హామిల్టన్ శని చుట్టూ కొత్త వలయాన్ని కనిపెట్టారు. మనం బొమ్మల్లో చూసే వలయాలు దాని ముందు ఉంగరాల్లాంటివి. కంటికి కనిపించేదే అయితే శనికి అటొకటి ఇటొకటి నిండు చందమామని పెట్టినంత వెడల్పు ఆకాశంలో ఉంటుంది. కానీ కనిపించదు. అంత పల్చటి దుమ్ము. ఆ దుమ్ము ఫీబీది. చిన్నాచితకా రాళ్ళు ఫీబీని గుద్దినప్పుడల్లా లేచినది. అది ఫీబీ దారిలోనే, ఫీబీలాగే ఎదురు తిరుగుతూ, ఎండ తగిలి మెల్లమెల్లగా శని వైపు జారుతుంది. జారుతూ ఉంటే మొదట ఎదురయ్యే పెద్ద చందమామ ఇయాపిటస్. ఎదురెదురు ప్రయాణం కాబట్టి దుమ్ము వచ్చి సరిగ్గా ముఖం మీదే పడుతుంది.

మిగతా కథ ఇయాపిటస్‌దే. దాని ఒక రోజు మన 79 రోజులు. దుమ్ము పడ్డ చోటు కొంచెం నల్లబడుతుంది, నలుపు ఎండని ఎక్కువ పీల్చుకుంటుంది, అంత పొడవైన పగట్లో అక్కడి మంచు ఆవిరై వెళ్ళి చల్లటి వీపు మీద పేరుకుంటుంది. నలుపు ఇంకా నల్లబడుతుంది, తెలుపు ఇంకా తెల్లబడుతుంది. అంటే బయటిది చేసింది మొదలుపెట్టడం. తర్వాత ఆ నలుపుని పెంచుకున్నది ఇంటిదే. రంగు పోల్చి చూస్తే ఇయాపిటస్ నలుపులో ఫీబీ దగ్గర లేనంత ఎరుపు కొంచెం ఉంది, కాబట్టి దుమ్ము మొత్తం ఫీబీ ఒక్కదానిదే కాకపోవచ్చు, మిగతా ఇర్రెగ్యులర్లదీ కలిసి ఉండొచ్చు.

మాగాణి ఊళ్ళో మూడు పూటలా వరన్నం తింటారు. తాతయ్య వచ్చిన కొత్తల్లో వారానికొకసారి జొన్నన్నం అడిగేవాడట. ఆ ఊళ్ళో జొన్నన్నం తినడమంటే బియ్యం కొనలేకపోవడం. జొన్నలు దంచుతుంటే పక్కింటివాళ్ళకి చప్పుడు వినిపిస్తుందని అమ్మమ్మ మధ్యాహ్నం అందరూ పడుకున్నాక, రోట్లో పాతగుడ్డ అంచులు వేసి దంచేదట. తర్వాత పిల్లలు అడగడం మొదలుపెట్టారు. తర్వాత ముత్తాత, పళ్ళు ఊడిపోయిన రోజుల్లో, మజ్జిగ పోసి మెత్తగా పిసికి పెట్టమనేవాడు. ఇప్పుడు మా అమ్మ హైదరాబాద్‌లో ఆదివారం ఆదివారం జొన్నన్నం, గోంగూర పచ్చడి చేస్తుంది. దాన్ని మా ఇంట్లో ఏమంటారో తెలుసా? 'అమ్మమ్మ వంట'. నా భార్య దాన్ని కృష్ణా జిల్లా వంట అనుకునేది. మావయ్య పిల్లలు కూడా అలాగే అనుకుంటారు. తాతయ్య పేరు అందులో ఎక్కడా లేదు.

*

పుస్తకాల మీద రాసేవాడిగా నాకు ఒక పట్టింపు ఉంది. నక్షత్రాన్నో నదినో పట్టుకొచ్చి మనుషుల బాధలు దానికి తొడిగితే, ఆ పేజీ పక్కన పెన్సిల్‌తో ఒక గీత పెడతాను. ఫీబీకి బాధ లేదు. అది ఎవరి పొలమూ వదులుకోలేదు. జంటలో రెండోది వెళ్ళిపోయిందని, అసలు అలాంటి రెండోది ఉండి ఉంటే, అది బెంగపడలేదు. మా తాతయ్య బెంగపడ్డాడు. ఆయనకి బెంగ ఉందని ఎవరూ అడగలేదు కూడా. ఈ తేడాని చెరిపేసే పోలిక ఏదైనా చివరికి మనిషికే అన్యాయం చేస్తుంది.

అయినా ఈ చందమామ దగ్గర నాకు పనికొచ్చింది పోలిక కాదు, లెక్క. ఉండిపోవడానికి ఒక ధర ఉంటుందన్న లెక్క. రెండు వైపులా ఎంత ఇష్టం ఉన్నా, ఏమీ పోకుండా ఎవరూ ఎక్కడా ఉండిపోలేరు. ఐండ్‌హోవెన్ ప్రయాణం గురించి మేమిద్దరం మాట్లాడుకున్నదంతా ఇన్నాళ్ళూ నేను వెళ్ళడమా, వెళ్ళకపోవడమా అనే. తను కోపం లేకుండానే ఒక రాత్రి, "నువ్వు రాకపోయినా నేను వెళ్తాను. రావాలని మాత్రం ఉంది" అంది. ఆ మాట తర్వాత ప్రశ్న మారిపోయింది. నేను అక్కడ ఏం పోగొట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నాను?

కాగితం మీద రాసుకున్నాను, ఆఫీసు అలవాటు. పదమూడేళ్ళలో మొదటిసారి నెలాఖరుకి జీతం పడకపోవడం. టీమ్ లీడ్ అన్న మాట. శనివారం సాయంత్రం పుస్తకాల గురించి పోట్లాడుకునే నలుగురు స్నేహితులు. ఏ కౌంటర్ దగ్గరైనా తెలుగులో విసుక్కోగలిగే హక్కు. ఇవన్నీ పోతే ఎవరికి చేరతాయో కూడా ఆలోచించాను. కొన్ని తనకి చేరతాయి, తన వేగం పెరుగుతుంది. అందులో నాకు సంతోషమే ఉందని రాయడం తేలిక. కొంచెం అసూయ కూడా ఉందని రాస్తే ఈ వ్యాసం మీద నేను గీత పెట్టకుండా ఉండగలను.

రాజీనామా పెట్టాను. నోటీసు పీరియడ్ ఇంకో ఆరు వారాలుంది. ఈ ఆరు వారాల్లో ఫీబీ తన చుట్టులో పదమూడోవంతు తిరుగుతుంది.

స్నేహితుడి దగ్గర ఎనిమిది అంగుళాల టెలిస్కోప్ ఉంది. ఫీబీ అందులో కనిపించదు, మన ఊరి ఆకాశంలో అస్సలు కుదరదు. ఇయాపిటస్ మాత్రం పడమర వైపు ఉన్న రోజుల్లో చిన్న చుక్కలా దొరుకుతుంది. తూర్పుకి వెళ్ళాక మసకబారుతుంది. నాకు తెలిసినంతలో ఫీబీని మేడ మీంచి చూడాలంటే అదొక్కటే మార్గం, ఇంకో చందమామ ముఖం మీద.

నిన్న అమ్మ ఫోన్ చేసి అక్కడ జొన్నలు దొరుకుతాయేమో కనుక్కోమంది. ఇండియన్ స్టోర్‌లో దొరుకుతాయిట అన్నాను. "పిండి కాదురా, జొన్నలు. తనకి వండటం రాదు, నువ్వు నేర్చుకుని వెళ్ళు" అంది. ఈ ఆదివారం వెళ్తున్నాను.